నీలం ఒక్కటే

జూన్ నెలలో పుంతా అరెనాస్‌లో
పొద్దు పదింటికి గానీ లేవదు.
బెలార్మినో మూడింటికే లేచి
వెనక రొట్టెల బుట్ట బిగించుకుని
గాలికి జనం కొట్టుకుపోకుండా తాళ్లు కట్టిన వీధుల్లో
ఇల్లిల్లూ తిరుగుతాడు,
తన వయసులో సగం వయసున్న హోండా మీద.

ఆదివారం మా షెడ్డుకొచ్చి
హెల్మెట్ తీయకుండానే అన్నాడు,
"ఇస్మేనియా, మీటర్లో బల్బులు మార్చాలి.
ఎల్‌ఈడీలు. నీలం."

యాభై మూడేళ్ల మనిషి.
నవ్వు పెదవి కింద దాచుకున్నాను.
మా కుర్రాడు యెర్కోకి అంత ఓపిక లేదు.
"చక్రాల కింద కూడా వేద్దామా మావా?
డిస్కోకేనా ప్రయాణం?"
బెలార్మినో చేతి తొడుగులు విప్పి
స్టవ్ దగ్గర స్టూలు లాక్కున్నాడు.

నాలుగు స్క్రూలు, ఒక కేబులు.
మీటరు అరచేతిలోకి వచ్చింది,
ఇన్నేళ్లూ ఎవరికీ చూపని వీపుతో.
రబ్బరు గుంటల్లోంచి బల్బుల్ని
పాలపళ్లలా ఒక్కొక్కటే ఊడదీశాను.
మసిబారిన గాజు, వెంట్రుకంత తీగ,
అయినా పాపం మానకుండా వెలుగుతూనే ఉన్నాయి
పలచటి టీ రంగులో.

కొత్తది గుచ్చాను. వెలగలేదు.
ఇంకోటి. అదీ అంతే.
"దొంగ సరుకు" అన్నాడు యెర్కో.
కాదురా,
పాత బల్బుకి కరెంటు ఎటు నుంచొచ్చినా చుట్టమే.
దీనికి దిక్కు పట్టింపు.
పీకి, తిప్పి, మళ్లీ గుచ్చితే
వెలిగింది, కానీ
పాచి పట్టిన తొట్టిలో నీళ్ల రంగు.
అంకెల వెనక పల్చటి ఆకుపచ్చ పొర ఒకటుంది,
కంపెనీవాడు ఎప్పుడో అంటించింది.
స్పిరిట్‌తో తడిపి, గోటితో గీకి
దాన్ని వదిలించేసరికి గంట పట్టింది.

అప్పుడొచ్చింది నీలం.
మరీ ఎక్కువొచ్చింది.
చీకట్లో కళ్లు పొడిచేలా ఉంటే
ఒక్కోదాని ముక్కు గరుకు కాగితంతో అరగదీశాను.

"ఇదేనా?"
లేచొచ్చి వంగి చూశాడు.
గడ్డం, కనుబొమలు, ముక్కు మీద పాత కుట్టు
అన్నీ నీలం.
"ఇదే" అన్నాడు. కాసేపాగి,
"న్యూట్రల్ దీపం ఆకుపచ్చ అంటారు మీరు.
ఆయిల్ దీపం ఎరుపంటారు.
నాకు రెండూ ఎండుగడ్డే.
ఎడమదైతే న్యూట్రల్, కుడిదైతే గండం,
చోటు చూసి బతుకుతున్నా ఇన్నేళ్లూ.
చిన్నప్పుడు స్ట్రాబెర్రీలు కోసుకు రమ్మంటే
కాయలూ పళ్లూ కలిపి తెచ్చి
అమ్మ చేత తన్నులు తిన్నా.
నీలం ఒక్కటే.
మీరు చూసేదే నేనూ చూస్తా.
అది మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు."

స్టవ్ మీద కెటిల్ మూత గిలగిల్లాడింది.
యెర్కో వెళ్లి దాన్ని దించాడు.
తర్వాత, నేను చెప్పకుండానే,
డబ్బాలన్నీ వెతికి ఒక పసుపు దీపం తెచ్చాడు.
ఆయిల్ గుంటలో పెట్టి
"ఇది తెలుస్తోందా?"
"తెలుస్తోంది."
న్యూట్రల్‌కి తెలుపు. "ఇది?"
"ఆఁ."
"అయితే ఇక ఈ బండి
నీకు తప్ప ఎవరికీ అర్థం కాదు మావా."
మొదటిసారి బెలార్మినో నవ్వాడు.
"కానీలే, కొన్నాళ్లు మీరు తడుముకోండి."

బిల్లు రాస్తుంటే
కూలి సగం వేయమని నా మోచేయి గిల్లాడు యెర్కో.
పాత బల్బులు పారేయలేదు,
కాఫీ సీసాలో వేశాను,
ఎందుకో నాకే తెలీదు.

సోమవారం నాలుగింటికి
రేకుల మీద గాలి మోతకి మెలకువొచ్చింది.
గుమ్మం దగ్గర రొట్టె పొట్లం, ఇంకా వెచ్చగా.
వీధి చివర మలుపు తిరుగుతూ
బండి వెనక దీపం.

ఎరుపు.
అంటే, నాకు.